మండువయు నవదంశమును: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలోని కల్లుపదముల విచారము

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో జనులు సాయంకాలమున కల్లు త్రావుటకుఁ జేరెడు తావును మండువ యందురు. హైదరాబాదున దానినే కల్లు కంపౌండనుచున్నారు. నిజాముల యేలుబడిలో ఉర్దూ వ్యవహారమున సేందీఖానా యను పేరుండెను. తీరాంధ్రమునందు మండువా యనఁగా ఇంటి నడుమ నాకాశము గానవచ్చునట్లు విడిచిన ముంగిలి. ఒకే శబ్దము ఒక సీమలో గృహాంగణమునకును, వేఱొక సీమలోఁ బానశాలకును బేరగుట యెట్లు? కల్లుశబ్దము సంస్కృతమునుండి పుట్టిన తద్భవమా, లేక దేశ్యమా? కల్లుతోఁ గూడఁ దిను తినుబండారమునకుఁ దెలుఁగున నేమి పేరు? ఈ మూఁడు ప్రశ్నములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇట్టి విషయము సాహిత్యపరిశోధకుల పత్రికకుఁ దగునా యని కొందఱు సందేహింపవచ్చును. అమరసింహుఁడు తన కోశమున ద్వితీయకాండ శూద్రవర్గమందు మద్యమునకును, దానిని సంధించు విధమునకును, త్రావు పాత్రకును, విక్రయించు శౌండికునకును బర్యాయములు గూర్చుటకు సంకోచింపలేదు. కోశకారుఁడు లోకమున నున్న పదార్థమున కెల్లఁ బేరు చెప్పవలసినవాఁడు. నేను కల్లు త్రావువాఁడను గాను, త్రావుఁడని బోధించువాఁడను గాను. అయినను శబ్దము చేసిన యపరాధ మేమియు లేదు.

ఈ విచారమునకు వేఱొక కారణమును గలదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేనొక పాఠశాలలోఁ దెలుఁగు చెప్పుచుండఁగా, గీతవృత్తివారి బాలుఁ డొకఁడు తన తండ్రి పనిని గూర్చి వ్యాసము వ్రాసి తెచ్చెను. అందుఁ గల్లను మాట వచ్చిన ప్రతిచోటను నేను ఎఱ్ఱసిరాతోఁ గొట్టివైచి మద్యమని దిద్దితిని. మఱునాఁడు వాని తండ్రి బడికి వచ్చి, చేతులు గట్టుకొని నిలిచి, “పంతులుగారూ, కోపం జెయ్యకుండ్రి. మద్యం సీసల ఉంటది, మేం గీసేది కల్లు. మా పోరని రాత తప్పుంటె దిద్దుండ్రి గని, మా పని పేరు మార్చకుండ్రి” అనెను. నాఁడు నాకుఁ బ్రత్యుత్తరము తోఁపలేదు. ఆలస్యముగా నైనను ఆ యుత్తరమును నేఁడు వ్రాయుచున్నాను.

1. కల్లు

కొన్ని సంస్కృతకోశములలో మద్యవాచకముగాఁ గల్యశబ్దమును, మద్యవిక్రేతకుఁ గల్యపాలశబ్దమును గలవు. ల్యకారము ప్రాకృతమున ద్విరుక్తలకార మగును. శల్యశబ్దము సల్ల యైనట్లు కల్యము కల్ల యగును. దానినుండి తెలుఁగు కల్లు వచ్చినదని చెప్పుట సులభము. నేనును జిరకాల మట్లే తలంచితిని. కాని సోదరభాషలను జూచినచో ఈ వ్యుత్పత్తి నిలువదు.

తమిళమున దీనిని కళ్ అందురు. తిరుక్కుఱళ్ గ్రంథమునఁ దొంబదిమూఁడవ యధికారమునకుఁ గళ్ళుణ్ణామై, అనఁగాఁ గల్లు త్రాగకుండుట, యని పేరు. కన్నడమునను మలయాళమునను సైతము ఈ పదమున ళకారమే వినఁబడును. సంస్కృతపు ల్యకారమునుండి వచ్చిన పదమైనచోఁ దమిళమున దంత్యలకారము నిలువవలెను గాని మూర్ధన్యళకార మేల వచ్చును? పైఁగాఁ దమిళమున దంత్యలకారముతోఁ గల్ అన్నచో ఱాయి. రెండు పదములను ఆ భాష స్పష్టముగా వేఱుచేయుచున్నది.

తెలుఁగున నీ భేదము నశించినది. తమిళపు ముళ్ తెలుఁగున ముల్లు, పళ్ళమ్ పల్లము, వెళ్ళై వెల్ల, కొళ్ళై కొల్ల. ఆ వరుసనే కళ్ కల్లైనది. అటు ఱాయి యను నర్థమునఁ గల్ సైతము కల్లైనది. ఉప్పుకల్లు అనునప్పు డీ యర్థము నేఁటికిని మిగిలియున్నది. కావునఁ దెలుఁగునఁ బానీయపుఁ గల్లును, శిలావాచకమగు కల్లును రూపసామ్యము నొందిన భిన్నపదములు. పానీయవాచకము శుద్ధదేశ్యము. సంస్కృతపుఁ గల్యశబ్దమే దక్షిణభాషలనుండి పోయినదా యను ప్రశ్నము వేఱు. దాని నిచ్చట విచారింపను. మద్యమని నేను దిద్దిన దిద్దుబాటు ఆ బాలుని పదమునకుఁ బర్యాయము గాదని చెప్పుట కింత చాలును.

అర్థమునందును భేదమున్నది. మనుస్మృతిలో సుర గౌడి, పైష్టి, మాధ్వి యని త్రివిధము: బెల్లమునుండి, పిండినుండి, మధువునుండి పుట్టినవి. తాలము, ఖార్జూరము అను పేర్లు పులస్త్యవచనముగా ధర్మనిబంధకారు లుదాహరించు మద్యభేదములలోఁ గానవచ్చును. అవి సురకంటె వేఱుగాఁ బరిగణింపఁబడినవి. కౌటిల్యుఁడు సురాధ్యక్షప్రకరణమునఁ జెప్పిన మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను నాఱింటిలోఁ జెట్టునుండి గీసిన కల్లు లేదు. కల్లును మనుష్యుఁడు వండఁడు. చెట్టిచ్చును, గాలి పులియించును.

2. చెట్టును బరికరములును

మా సీమలోఁ గల్లుకుఁ దాడియు నీతయు నాధారములు. కొబ్బరికల్లు సముద్రతీరపు మాట. జీలుగుకల్లు మన్యపు మాట. తాళ్ళలో మగచెట్టు పోతుతాడు. అది నాలుకపై నలిగి పోద్దా డగును. కాయలు గాయునది పండుతాడు. తాటియందుఁ బూగెలల కొనలను దినదినము పలుచగాఁ గోయుదురు. ఈతయందు మొవ్వు క్రింది మెత్తని మానును జెక్కుదురు. ఈ కోఁతకే గీత యని పేరు. గీయుట యనఁగా రేఖ వ్రాయుటయుఁ గలదు, పలుచగాఁ జెక్కుటయుఁ గలదు. చెట్టునకుఁ జావు రాకుండ గాయము చేయుటలో నేర్పంతయు నున్నది.

చెట్టునందు వ్రేలఁగట్టు చిన్నకుండ లొట్టి. దింపిన కల్లును జేర్చు పెద్దకుండ బింకి. నడుమునకును మానునకును జుట్టుకొని యెక్కు త్రాడు మోకు. తక్కిన పట్టీలతోఁ జేరిన మొత్తము ముస్తాదు. ముస్తాదుపదము సిద్ధమైనది యను నర్థముగల ఉర్దూ ముస్తైదుతో సంబంధించినదని నా యూహ. చెట్టుపైనుండి పడి చనిపోయిన గీతకార్మికులు ప్రతిగ్రామమున నుందురు. అందుచేతనే వారు కాటమయ్యను గొలిచి చెట్టెక్కుదురు. 2024లోఁ దెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకుఁ బంచిపెట్టఁదొడఁగిన రక్షణపరికరమునకు సైతము ఆ దేవత పేరే పెట్టఁబడెను.

చెట్టునుండి యప్పుడే కాఱిన రసము తియ్యనిది, నిషా లేనిది. దానిని నీరా యందురు. లొట్టి లోపల సున్నము పూసి, సూర్యోదయమునకు ముందే దింపినచో నది చెడదు. సున్నము లేనిచో గాలిలోని సూక్ష్మజీవులు రసములోని చక్కెరను దిని మాదకద్రవ్యముగా మార్చును. కొన్ని గంటలలోనే కల్లగును. అందు మాదకాంశము సామాన్యముగా నూటికి నాలుగైదు పాళ్ళు. మఱునాఁటికిఁ బులిసి పుల్లనీ రగును. అమరకోశమునఁ గిణ్వము, నగ్నహువు అని చెప్పఁబడిన సంధానబీజమును వేఱుగాఁ జేర్పవలసిన పని యిచ్చట లేదు, పాతలొట్టియే కిణ్వము. ఈ గుణముచేతనే కల్లు దూరప్రయాణము సేయలేదు. దానిని గీసిన యూరనే, గీసిన దినముననే త్రావవలెను. మండువ పుట్టుటకు మూల మీ యశక్తియే. సీసాలో నిలువయుండు మద్యము నింటికిఁ గొనిపోవచ్చును. కల్లుకొఱకు మనుష్యుఁడే చెట్టువద్దకుఁ బోవలెను.

3. మండువ

మండువశబ్దమునకు నొక పండితమిత్రుఁడు చెప్పిన వ్యుత్పత్తి మనోహరముగా నుండెను. సురపైఁ దేఱిన మీఁగడకు సురామండమని పేరు. శౌండికునకు మండహారకుఁ డని యమరమున నున్నది. కాన మండము లభించు తావు మండువ. ఈ యూహయందు రెండు దోషములు గలవు. మండమునకుఁ బిమ్మట వచ్చిన ఉవ యేమి ప్రత్యయమో చెప్పఁజాలము. మఱియు నితరస్థలములందలి మండువలలో మద్యగంధమే లేదు. తీరాంధ్రమున నది యింటి నడిముంగిలి. నిఘంటువులందు గుఱ్ఱములసాల కును ఆ పేరు గలదు. ముంగిలి, గుఱ్ఱపుసాల, కల్లుపాక యను మూఁటికిని సామాన్యమైనది గోడలచే మూయఁబడని, కొంత కప్పుగల తావు. శబ్దార్థమును బానీయమున వెదకక స్థలమున వెదకవలెను.

అట్లు వెదకినచో మండపశబ్దము దొరకును. ప్రాకృతమునఁ బకారము వకారమై మండవ మగును. వకారమునకు ముందున్న యకార ముకార మగుట తెలుఁగున నలవాటే: చలవ చలువ, నిలవ నిలువ. కావున మండవము మండువ యైనది. దేవుని మండపమును, పెండ్లి మండపమును, కల్లుమండువయు నేకశబ్దజన్యములు. ఈ మాట విని నొచ్చుకొనువా రుందురు. వ్యాకరణము మన యిష్టానిష్టములను జూడదు.

అమరుని పర్యాయములు పెక్కులున్నను వాని యర్థము లొకటి గావు. శుండాపానము, మదస్థానము అనునవి త్రావు తావులు. ఆపానము, పానగోష్ఠిక యనునవి కలిసి త్రావు కూటములు. మా సీమలో మండువ యనఁగాఁ దావును, కూటమును రెండును స్ఫురించును. కౌటిల్యుఁడు పానాగారమును వర్ణించుచు, అందనేకకక్ష్య లుండవలె ననియు, శయనాసనములు వేఱువేఱుగా నుండవలె ననియు, గంధమాల్యములు, నీరు నమర్చి ఋతువున కనుకూలముగాఁ గట్టవలె ననియు విధించెను. మత్తుచే నిద్రించిన గ్రాహకుని సొమ్ము పోయినచో విక్రేతయే దాని వెల నిచ్చి, యంతియే దండువు గట్టవలె ననియుఁ జెప్పెను. ఈ కడపటి విధిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనఁ గోరెదను.

మా మండువలో శయనములు లేవు, గంధమాల్యములు లేవు. వేపచెట్టు నీడ, తాటాకుపందిరి, కూర్చుండుటకు బండలు, ఒక మూలను బింకులు. పల్లెలలో మండువదాఁకఁ బోక, తాళ్ళలోనికే నడచి, చెట్టు మొదటఁ గూర్చుండి, తాటాకును మడిచిన రేకలో గీతకాఱుఁడు పోయఁగాఁ ద్రావుదురు. చషకమునకు మా సీమ పర్యాయములు రేకయు ముంతయు. సిరిసిల్లలో మరమగ్గమును సాంచె యందురు. పగలెల్ల సాంచెల చప్పుడునఁ జెవులు గింగురుమన్న నేఁతగాఱు సాయంకాల మిచ్చటికి వచ్చి, మొదటి ముంత త్రావువఱకు మాటాడరు. కోరుట్ల, జగిత్యాలలలోఁ బొలమునుండి వచ్చిన రైతులు, గల్ఫుదేశములనుండి సెలవుపై వచ్చిన యువకులు గానవత్తురు. ఎడారిలో రెండేండ్లు గడిపి వచ్చినవాఁడు ముందు తల్లికి మ్రొక్కి, పిమ్మటఁ దాళ్ళకుఁ బోవునని మా యూళ్ళలో హాస్యమాడుదురు. మామా, బావా, తమ్మీ యను పిలుపులు కులములను దాఁటి సాగును. పొలముగట్టు తగవులు, పెండ్లిసంబంధములు, అప్పుల గడువులు నిచ్చటఁ దీఱును, ఒక్కొక్కప్పు డిచ్చటనే పుట్టును.

మండువ దాఁటినను గల్లుకు స్థానమున్నది. ఎల్లమ్మకును, పోచమ్మకును గల్లుసాక పోయుదురు. చనిపోయినవారికి మూఁడవనాఁడు పిట్టకుఁ బెట్టునప్పుడు వారు ప్రీతితోఁ ద్రావిన కల్లును సైతము పెట్టుదురు.

4. అవదంశము

మద్యముతోఁ గూడఁ దిను పదార్థమున కమరుఁడు చెప్పిన పేరవదంశము. అవోపసర్గపూర్వకమగు దంశధాతువునుండి ఘఞ్‌ప్రత్యయమున సిద్ధించినది; కొఱుకఁబడునది యని యర్థము. ఉపోపసర్గ చేరినచో నుపదంశము. పాణిని తృతీయాధ్యాయ చతుర్థపాదమున, తృతీయాంత ముపపదముగా నుండఁగా నుపపూర్వక దంశధాతువునకు ణముల్‌ప్రత్యయమును విధించెను. ముల్లంగిని, అల్లమును గొఱుకుచు భుజించుట దానికి వృత్తికారు లిచ్చిన యుదాహరణములు. బాల్యమున నీ సూత్రమును వల్లించినప్పుడు ముల్లంగి కొఱుకుట కొక సూత్ర మేల యని నవ్వుకొంటిని. దీనికిఁ దెలుఁగున సరియైన ధాతు వేది యని తరువాత నాలోచింపఁగా నంజుకొనుట తోఁచెను. ప్రధానాహారమునకు నడుమ నడుమ స్వల్పముగా నోటఁ బెట్టుకొనునది నంజు. మాంసమునకు నంజుడను పేరు గూడ నీ కుటుంబములోనిదే. ఉపదంశావదంశములకు నంజుకంటె మంచి తెలుఁగు మాట లేదు. మండువలో నిరక్షరాస్యులు దీనిని నేఁటికిని బ్రయోగించుచున్నారు.

మా సీమ నంజులలో మొదట చెప్పఁదగినవి గుడాలు: బొబ్బెరలు గాని, సెనగలు గాని, మక్కలు గాని యుడికించి, యుప్పు, మిరపకాయ, ఉల్లిగడ్డలతోఁ దాలింపు పెట్టినవి. తరువాత సర్వపిండి: బియ్యపుపిండిలో నువ్వులు, పల్లీలు, కారము గలిపి, గిన్నె లోపలి యంచున కంటించి కాల్చినది. పిమ్మటఁ బోటివేపుడు, చెఱువుచేఁపల వేపుడు, ఎండుచేఁపలు, ఉడికించిన కోడిగ్రుడ్లు, మిర్చిబజ్జీలు. ఇవి యెల్ల కారమును నుప్పును మిక్కుటముగాఁ గలవి. కల్లు పులుపుతీపి, దానికి విరుద్ధరసము కావలెను. పైఁగా కారము త్రావుటను హెచ్చించును. మండువ వాకిట గంపలు పెట్టుకొని వీనిని విక్రయించువారు ప్రాయశః స్త్రీలు. ఒక్కొక్కతె గుడాలకొఱకే యొక్కొక్క మండువకు జనులు పోవుదురు.

5. ఐర్లండు పబ్బుతో సామ్యము

పరదేశములలో మండువకు దగ్గఱి బంధువు ఐర్లండు పబ్బు. పబ్బనునది పబ్లికుహౌసు అను పేరునకు సంక్షేపము. అందఱికిఁ దెఱచిన యిల్లని యర్థము. ఇచ్చటను బేరు పానీయమునుండి గాక స్థలమునుండి వచ్చుటను జూడుఁడు; మండువవ్యుత్పత్తి కిది యుపష్టంభకము. అచ్చటి ప్రధానపానీయము మాల్చిన యవలతోఁ జేసిన నల్లని స్టౌటు. ఆర్థరు గిన్నెసు 1759లో డబ్లిను నగరమున సెయింటు జేమ్సు గేటు వద్దఁ దన కర్మాగారమును స్థాపించెను. నంజు మాంసపుఁ బులుసు, సోడారొట్టె, ఆలుచిప్పలు. పల్లెలలోఁ బబ్బు యజమానియే కిరాణాదుకాణము నడపుటయు, శవసంస్కారపు పనులు చేయించుటయుఁ గలదు. మృతుని యింట రాత్రియెల్ల మేల్కొని పానముతో జ్ఞాపకము చేసికొను నాచార మచ్చటను గలదు. పూర్వము స్త్రీలు నలుగురి కంటఁ బడకుండఁ ద్రావుటకు స్నగ్గను చిన్నగది యుండెడిది. మా మండువలో స్త్రీ కట్టి మఱుఁగు వేయలేదు, ముసలమ్మలు బహిరంగముగనే ముంత పట్టుదురు.

శబ్దవిషయమున నొక వింత గలదు. సంస్కృతపుఁ దాలశబ్దమునుండి హిందీ తాడీ పుట్టినది. దానినుండి యాంగ్లేయుల టాడీ పుట్టినది. ఆ టాడీపద మోడ నెక్కి పోయి, స్కాట్లండు, ఐర్లండులలో విస్కీని వేఁడినీటను జక్కెరతోఁ గలిపిన పానీయమునకుఁ బేరైనది. తాటిచెట్టే మొలవని చలిదేశమునఁ దాటిచెట్టు పేరు నేఁటికిని ద్రావఁబడుచున్నది. విస్కీపదము ఐరిషుభాషలో జీవజల మను నర్థముగల పదబంధమునుండి వచ్చినది.

పబ్బులో స్టౌటు పీపాయిలో నిలువయుండును, కావున నైరిషు పబ్బు లోకమంతట వ్యాపించినది. మండువ వ్యాపింపలేదు. గల్ఫునను, అమెరికాను మా వారున్నచోట మండువ లేదు. కల్లు పోలేదు గనుక.

6. పేరు నిలిచి వస్తువు పోవుట

ఇంతవఱకుఁ జెప్పినది సంతోషకరము. ఇఁక జెప్పవలసినది గాదు. చెట్టు లొక్కొక్కటిగా నఱకఁబడినవి, త్రావువారు తగ్గలేదు. గీయు కల్లు చాలనిచోట నీటియందు మత్తుమందులను గలిపి కల్లని యమ్ముట సాగినది. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము అనునవి యా మందుల పేర్లు. వైద్యులు నిద్రకు, మనోవ్యాధులకు నిచ్చు నౌషధములవి. 2015లో నిజామాబాదు మొదలగు జిల్లాలలో నధికారులు కల్తీని నిలిపినప్పుడు, దాని కలవాటుపడినవారు వణఁకుచు, పిచ్చివారివలె నఱచుచు వైద్యశాలలకుఁ జేర్పఁబడిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లి ప్రాంతమునఁ గల్తీకల్లు త్రావి పలువురు మృతి నొందిరి. మత్తునిద్రలోఁ బోయిన సొమ్మునకే విక్రేతను బాధ్యునిఁగాఁ జేసిన కౌటిల్యుఁడు ఈ ప్రాణహాని కేమి దండువు విధించియుండునో చదువరులే యూహింతురు గాక.

శబ్దార్థముల సంబంధము సిద్ధ మని వైయాకరణుల మతము. ఇచ్చట నా సంబంధమును మనుష్యుఁడు తెంచుచున్నాఁడు. చెట్టున కాఱనిది కల్లు గాదు. గీయనివాఁడు గీతకాఱుఁడు గాఁడు. ఆ తండ్రి నాతోఁ దన పని పేరు మార్చవలదన్నాఁడు. నేను ఎఱ్ఱసిరాతోఁ బేరు మార్చితిని; ఈ వర్తకులు పేరుంచి వస్తువును మార్చిరి. రెండవది మొదటిదానికంటె ఘోరము, ప్రాణములు దీయును గనుక. మంచి గీతవృత్తికుటుంబములు తమ పేరును గాపాడుకొనుటకుఁ బోరాడుచున్నవి. హైదరాబాదున 2023లోఁ దెఱవఁబడిన నీరాకేఫు వంటి ప్రయత్నములును గలవు. అయినను చెట్టుండవలెను, ఎక్కువాఁ డుండవలెను.

పండితుల కొక్క విన్నపము. మీ మీ గ్రామములలోఁ జెట్టెక్కు ముసలివా రింకను గొందఱున్నారు. లొట్టి, బింకి, మోకు, ముస్తాదు, పోద్దాడు అనునట్టి పదములలో నెన్ని మన నిఘంటువులకు నెక్కినవో సరిచూడుఁడు. ఎక్కనివానిని వారి నోటినుండి విని, వారు పలికినట్లే వ్రాసికొనుఁడు. గీతకాఱుని కొడుకు వ్యాసమునఁ గల్లని వ్రాసినచో దిద్దకుఁడు. నేను దిద్దిన పుటలోని యెఱ్ఱగీఁతలు నా కింకను గన్నుల ముందు నున్నవి.